మూడో పిలుపు

211

లాంప్‌రూంల చదివేది ఓదెమ్మ మాట్లాడుతున్న. రోజూ ఈ యంత్రం ముందు కూసోని పేరు చెప్పుకొని, ఆ రోజు ఏమైందో చెప్పాలెనని రూలు. నా పేరు నాకే చెప్పుకునుడు యాష్టకొచ్చింది గాని, రూలు రూలే.

ఇయ్యాల పోశవ్వ పంచాయితీతోనే తెల్లారింది. తెల్లారుడంటె మాకు మొదటి షిఫ్టు సైరన్ మోగుడే. పైన ఎండకు మనిషి నిలువడు. మా అమ్మల కాలం నుంచి ఈ పాత బొగ్గుబాయిల్నే కాపురాలు పెట్టుకొని బతుకుతున్నం.

పోశవ్వ కోడలితోని కొట్లాడి నాలుగో గల్లీ నుంచి ఏడో గల్లీకి మారింది. మారితె మారింది, లాంతరుల ఇల్లు మార్చుకోలే. ఆమె వంతు జొన్నలు ఇంకా కోడలింటికే పోతున్నయి. కోడలు మంచిగ వండుకొని తింటున్నది, ఈమె వచ్చి నా మీద పడ్డది. అత్త మీది కోపం దుత్త మీద చూపుతరంటరు, ఈ అత్త కోడలి మీది కోపం నా మీద చూపింది.

నేనేం చేస్త? ప్రతి మనిషి మెడల లాంతరు ఉంటది. దాని ముద్ర గడువు దగ్గరికొస్తె అది ఒక అర్జీ పంపుతది. నా పేరు ఫలానా, నా ఇల్లు ఫలానా, నా ఊరు ఫలానా, నాకు కొత్త ముద్ర ఎయ్యుండ్రి అని. ముద్ర లేని లాంతరుకు గాలి తలుపు తెరుచుకోదు. నేను అర్జీ చదివి పేరు గట్టిగ పిలుస్త, ఆ మనిషి "ఉన్న" అని పలికితెనే ముద్ర ఏస్త. పాతకాలం బొగ్గు తవ్వేటోళ్ళు బాయి దిగేటప్పుడు ఇదే అర్రల పేర్లు పిలిచేటోళ్ళట. బొగ్గు తవ్వుడు ఆగి ఎన్నేండ్లయినా ఆ పిలుపు మేం ఇడువలే.

చదివే ప్రోగ్రాం నాకంటె ముందున్న ముసలాయన రాసింది. అర్జీ ఇప్పి, వివరాల కాడికి పొయ్యి, పేరు దొరకంగనే ఆగిపోతది. ఇల్లు, ఊరు అన్నీ ఆ కిందనే ఉంటయి గాని మనకు చూపియ్యదు. పిలిచేటందుకు పేరే గద కావాలె అనుకున్నడో ఏమో. పోశవ్వ అని చూపిస్తది, నేను పిలుస్త, ఆమె ఉన్న అంటది, ముద్ర పడతది, జొన్నలు కోడలింటికి పోతయి.

మా తమ్ముడు రాజేశం వెనుక నిలవడి నవ్వుడే నవ్వుడు. వాడు లాంతర్లు బాగుచేసేటోడు, ఈ యంత్రాల పెయ్యిల ఏ నరం ఏడుందో వాడికి ఎరుక. మనిషి చెయ్యి పెట్టి మార్చకపోతె, లాంతరు పుట్టిననాడు రాసిన వివరాలే మల్లమల్ల పంపుతదని చెప్పిండు. పోశవ్వ ఇల్లు మారిందని లాంతరుకేం తెలుస్తది, దానికి మనిషి చెప్పాలె అన్నడు.

"అండ్ల 'పేరు దొరికితె ఆగు' అని ఒక్క లైనుంటది అక్కా. అది తీసెయ్యి, మొత్తం చదువుతది."

రేపు తీస్త అన్న. నీ రేపు ఎప్పుడొస్తదే అని ఎక్కిరిచ్చిండు. ఇల్లు ఊడ్చుడు కాడికెల్లి సక్కగ పండుకునుడు దాంక నా పనులన్నీ రేపేనట. పోశవ్వ కూడ కోపం మరిచి నవ్వింది.

213

లాంప్‌రూంల చదివేది ఓదెమ్మ.

తూర్పు గల్లీల బొగ్గు మల్ల అంటుకున్నది. బొగ్గుల బతికేటోళ్ళకు ఇది కొత్త కాదు, ఏడాదికోసారన్న అంటుకుంటది, ఐదారుగురు పొయ్యి ఆర్పొస్తరు. ఈసారి పోయేటోళ్ళల్ల మా వాడు ఉన్నడు. వద్దురా అంటె, లోపలి ఇనుప తలుపు మొరాయిస్తున్నది, అది నేనే బాగుచెయ్యాలె అన్నడు.

సద్ది కట్టిచ్చిన. జొన్నరొట్టెలు, ఒక డబ్బెడు ఎల్లిపాయ కారం. సైరన్ మోగుతుంటె ఆగమాగంల నూరిన, ఉప్పు సరిపోయిందో లేదో నోట్లేసుకొని చూడలే.

మంట దిక్కు పోయేటోళ్ళకు వారం గడువు ముద్రే ఎయ్యాలె. ఒక్కొక్కలను పిలిచిన. వాడి వంతు వచ్చింది. రాజేశం అని పిలిస్తె, ఉన్ననే అక్కా ఎటు పోత అన్నడు. అందరు నవ్విన్రు. నాకు కోపమొచ్చింది. లాంప్‌రూంల పరాచికాలేందిరా, సక్కగ పలుకు అని మల్ల పిలిచిన. అప్పుడు చేతులు కట్టుకొని, బడిపిల్లగాని లెక్క "ఉన్న" అన్నడు. ముద్రేసిన.

214

ఓదెమ్మ.

మంట మలిగినట్టే మలిగి వెనుకకెల్లి లేచిందట. అందరు ఉరికొచ్చిన్రు. రాజేశం ఇనుప తలుపు ఎయ్యనీకి వెనుకకు పోయిండు. తలుపు పడ్డది, మనిషి రాలే. ఆ తలుపు పడకపోతె విషగాలి నాలుగో గల్లీ దాంక వచ్చేదని ఊరి పెద్ద, సర్దారు కొమురయ్య చెప్పిండు. చెప్పేటప్పుడు నా మొకం చూడలే.

గోడ కట్టిన్రు. మంటకు గాలి అందకుంట గోడ కట్టాలె, లేకపోతె ఊరంత ఆగమైతది. కట్టే ముందు లోపలున్నోని పేరు మూడుసార్లు పిలువాలె, పిలిచేది చదివేదే. నేనే పిలిచిన. ఒక్కసారి. రెండుసార్లు. మూడోసారి నా గొంతు చీరుకపొయ్యేటట్టు పిలిచిన. లోపల మంట చప్పుడు తప్ప ఏం లేదు.

మూడో పిలుపుకు పలకకపోతె ఆ మనిషి లేనట్టే. ఆ పేరు మూసినట్టు. నెల దాంక ఎవ్వరూ దాన్ని నోట తియ్యద్దు, చదివేదాని నోట అసలే రావద్దు. మా అమ్మ నాయిన వడదెబ్బకు పోయినంక వాణ్ణి నేనే సాకిన. వాడికి నేను, నాకు వాడు. ఇప్పుడు వాడి పేరు తీసి ఏడుద్దామన్నా రూలు అడ్డమున్నది. ఇగ చాలు, యంత్రం ఆపుతున్న.

217

లాంప్‌రూంల చదివేది ఓదెమ్మ.

పనికొచ్చిన. ఇంట్ల ఉంటె గోడలు మీద పడుతున్నయి. పోశవ్వ వచ్చి జొన్నల మాట ఎత్తలే. ఊకె నా పక్కన కూసోని వక్క కొరుక్కుంట ఉన్నది. నాకు అది ఇంకా బాధయింది, తిట్టినా బాగుండు.

ఆమె పోయినంక ఆ లైను తీసిన. వెతికితె కండ్ల ముందే ఉన్నది, ఒక్కటే మాట, ఆగు అని. తీసి, పోశవ్వ అర్జీ మీద నడిపిన. పేరు, ఇల్లు, ఊరు, మూడూ వరుసగ వచ్చినయి. ఇంత అలకటి పనికి వాడు బతికున్నప్పుడు నాకు పొద్దు దొరకలే. బల్ల మీద తలపెట్టి ఏడ్చిన. ఎవరన్న చూస్తె చూడనీ అనుకున్న.

219

ఓదెమ్మ మాట్లాడుతున్న. మాట సక్కగ రాకపోతె ఏమనుకోవద్దు.

పొద్దుగాల వచ్చిన అర్జీలల్ల ఒకటి గోడవతల నుంచి వచ్చింది. గోడల నుంచి లాంతర్ల తీగ ఒక్కటి పోతది. సన్నది, మాటలు పోవు, అర్జీ వస్తది, ముద్ర పోతది, గంతే. వాడి వారం గడువు దగ్గరికొచ్చింది గద. మనిషి పోయినంక కూడ లాంతరు దానంతటదే అడుగుతది, అందరికీ ఎరుకే. మూసిన పేరు మీద వచ్చిన అర్జీ చదవకుంట పక్కకు పెట్టాలె. నేను పెట్టలే. వాడి పేరు నోట తియ్యద్దు గాని కండ్లతోని చూడద్దని ఎవరూ అనలే గద అని ఇప్పిన.

పేరు: రాజేశం.
ఇల్లు: ఊపిరి అర్ర.
ఊరు: బయట విషగాలి. గోడ తియ్యద్దు.

మూడుసార్లు పరీక్ష పెట్టిన. అర్జీ కింద లాంతరు తన చేవ్రాలు తనే పెట్టుకుంటది, దాని రహస్యం దాన్ని దాటి బయటికి రాదు. చేవ్రాలు వాడిదే. వివరాలు మార్చిన చెయ్యి వాడిదే. ఊపిరి అర్ర అంటె ఆపదొస్తె దాగే ఇనుప గది, అండ్ల గాలి సిలిండర్లు, నీళ్ళు ఉంటయి. నా తమ్ముడు బతికున్నడు. నేను మూడుసార్లు పిలిచి, మూసేసి వచ్చిన నా తమ్ముడు బతికున్నడు.

నిమ్మలమయినంక మూడో లైను మల్ల చదివిన. గోడ తియ్యద్దు.

మా ఊర్ల ఒక మాటున్నది, పలికినోన్ని గోడెనుక ఇడువద్దని. పేరు పలికిందంటె చాలు, కొమురయ్య గోడ తీపిస్తడు, ఆయనకు వేరే దారి లేదు. ఆ కింద ఏమున్నదో నాకు తప్ప ఎవరికీ తెల్వదు, అర్జీ చదివేది నేనొక్కదాన్నే.

ఆ లైను మల్ల పెట్టిన. పేరు దొరికితె ఆగు. ప్రోగ్రాం నడిపిన. రాజేశం అని చూపిచ్చి ఆగింది. సర్దారుకు కబురు పంపిన.

220

ఓదెమ్మ.

నిన్న చెప్పలేకపోయింది చెప్త.

లాంప్‌రూం నిండిపోయింది. నేను చదివిన. గోడవతలి నుంచి అర్జీ, మనిషి చెయ్యి పడ్డ అర్జీ, పేరు రాజేశం. గదంత ఒక్కసారి ఉన్నడు ఉన్నడు అన్నది. కొమురయ్య కండ్లు తుడుచుకున్నడు. మూలకెల్లి గడ్డపారలు లేచినయి. గోడ తీస్తె మంట మల్ల ఊపిరి పీలుస్తదని అండ్ల సగం మందికి ఎరుకే, అయినా ఒక్కరు వెనుకకు పోలే.

పోశవ్వ కోడలు ముందుకొచ్చింది. నేను కూడ గోడకాడ నిలవడత, ఇటుకలు అందిస్త అన్నది. చంకల పిల్ల ఉన్నది, ఇంకా ఏడాది నిండలే. కొట్లాడి మాటల్లేని పోశవ్వ ఒక్క మాట అనకుంట వచ్చి పిల్లను ఎత్తుకున్నది. ఆ పిల్ల మెడల లాంతరుకు మొదటి ముద్ర ఏసింది నేనే. పేరు పిలిస్తె వాళ్ళమ్మ దాని గదవ పట్టుకొని ఉన్న అనిపిచ్చింది. వాళ్ళది నాలుగో గల్లీ. గోడ తీస్తె ముందు విషగాలి పోయేది అటే.

నా నోరు నేను ఆపుకోలేకపోయిన.

"ఆగుండ్రి. ఇంకా ఉన్నది."

తెర మీద లేదు, నాకు మనసుల ఉన్నది. ఇల్లు ఊపిరి అర్ర అని చెప్పిన. ఊరు కాడ రాసింది కూడ చెప్పిన. బయట విషగాలి, గోడ తియ్యద్దు. గడ్డపారలు ఎక్కడియి అక్కడ ఆగినయి. కొమురయ్య నా దగ్గరికొచ్చి, బిడ్డా మల్లొక్కసారి చదువు అన్నడు. మల్ల చదివిన.

"నువ్వేమంటవ్ ఓదెమ్మా? నీ తమ్ముడు."

"నేను చదివేదాన్ని. వాడు రాసింది చదివిన."

పొరుగు బాయోళ్ళ కాడ బోరు యంత్రమున్నది. పైనుంచి తొలిచి ఊపిరి అర్రకు గాలి పంపియ్యచ్చు. ఎండల నడువరాదు, చీకటి పడ్డప్పుడే లాక్కుంట రావాలె. అయినా ఆరుగురు అప్పటికప్పుడే బయలెల్లిన్రు. గోడ అట్లనే ఉన్నది. ఇంటికి పోయినంక, పేరు కాడనే ఎందుకు ఆగలే అని నా తల నేనే కొట్టుకున్న.

222

ఓదెమ్మ.

ముద్రల వివరాలు నేను కూడ రాయచ్చు. రోజూ అర్జీల ఉన్నది ఉన్నట్టు ముద్రల దింపుతం గాని, రాయాలంటె చెయ్యి ఆపేటోడు లేడు. ఒక్కో వివరానికి నలభై అక్షరాలు పడతయి. రోజూ అర్జీ రావాలెనని వాడికి ఒక్క రోజు గడువు ముద్రేసి, ఊరు కాడ రాసి పంపిన. బోరు మిషను వస్తున్నది, ఆగు అని. లాంతరు అద్దం మీద కనబడుతది.

ఆగు అనే లైను మల్ల తీసేసిన. రెండో షిఫ్టుల మల్ల అర్జీ వచ్చింది. ఊరు: లైను తీసినవన్నట్టు. ఇన్నాళ్ళకు.

నవ్విన. ఏడ్చుకుంట నవ్విన. ఆ లైను తీసిననో లేదో తెల్వకనే, అక్క ఎప్పటికన్న తీస్తదని వాడు మొదటి అర్జీల రాసి కూసున్నడు.

మనిషి చెయ్యి పెట్టి వివరం మారిస్తె లాంతరు అప్పుడే అర్జీ పంపుతది, అప్పటికెల్లి మేం గిట్లనే మాట్లాడుకుంటున్నం. నీళ్ళున్నయా అంటె ఉన్నయి అన్నడు. భయమయితుందా అంటె, నువ్వు లేవుగద భయమెందుకు అన్నడు, దొంగముండకొడుకు. పోశవ్వ కూడ తన మాట పంపియ్యమన్నది. ఏమని అంటె, నేను ఏడో గల్లీల ఉన్న అని రాయమన్నది. వాడు తిరిగి పంపిచ్చిండు, మీ కోడలు మంచిదే అవ్వా అని. ముసలామె ఆ మాట నాతోని మల్లమల్ల చదివిచ్చుకున్నది.

ఇయ్యాల ఆఖరు అర్జీల ఊరు: కారంల ఉప్పెక్కువైంది. ఈసారి తగ్గిస్త అని రాసి ముద్రేసిన.

225

ఓదెమ్మ.

మిషను బండి ఇరుసు ఇరిగిందట. కబురు మోసుకొచ్చిన మనిషి పెదవులు పగిలి ఉన్నయి, అయినా నీళ్ళు తాగకముందే అది చెప్పిండు. ఇరుసు అతుకేసి, మల్ల చీకటి పడ్డంక కదలాలె. సిలిండర్ల లెక్క కొమురయ్యకు ఎరుకే. నేను అడగలే, ఆయన చెప్పలే.

దగ్గర్ల ఉన్నది అని రాసి పంపిన. చదివేది ఎన్నడూ అబద్ధం మీద ముద్రెయ్యద్దు. ఇన్నేండ్లల్ల నేను ఎయ్యలే. ఇయ్యాల ఏసిన.

చానసేపటికి వచ్చింది. ఊరు: నీకు అబద్ధం రాదే అక్కా.

తర్వాత ఇంకోటి వచ్చింది. ఊరు: నిద్రొస్తున్నది. నువ్వు తిన్నవా.

తిన్న అని రాసిన. అది నిజం చేద్దామని రెండు ముద్దల జొన్న గట్క నోట్లేసుకున్న, లోపలికి దిగలే.

226

లాంప్‌రూంల చదివేది ఓదెమ్మ.

మొదటి షిఫ్టు సైరన్‌కు అర్జీ వచ్చింది. ఒక్క రోజు గడువు అయిపోవచ్చింది గద. ప్రాణం లేచొచ్చి ఇప్పిన.

పేరు: రాజేశం.
ఇల్లు: ఓదెమ్మ ఇల్లు.
ఊరు: పడమటి బాయి.

ఇయి నేను రాయిచ్చిన వివరాలే. అమ్మ నాయిన పోయినప్పుడు వాడికి ఆరేండ్లు. కొత్త లాంతరు ఇప్పిచ్చుకొచ్చిన. ఇల్లు ఏం రాయాలె అని ముసలాయన అడిగితె, వాడు నా కొంగు పట్టుకొని, అక్క ఇల్లు అన్నడు. ముసలాయన నవ్వి, ఓదెమ్మ ఇల్లు అని రాసిండు.

ఒక్క అక్షరం మారలే. మనిషి చెయ్యి పడలే. లాంతరు దానంతటదే అడిగింది.

ముద్రేసి పంపిన, ఊరు కాడ తమ్మీ అని ఒక్క మాట రాసి. ఏం రాలే. మల్ల పంపిన. రాలే. మూడో షిఫ్టు కాడ ఇంకో అర్జీ వచ్చింది. అదే పేరు, అదే ఇల్లు, అదే ఊరు.

నేను చెప్పకముందే కొమురయ్య వచ్చిండు. నా మొకం చూసి టోపీ తీసిండు.

228

లాంప్‌రూంల చదివేది ఓదెమ్మ మాట్లాడుతున్న.

బోరు యంత్రం వచ్చింది. తొలిచిన్రు. సన్నని తోవ దిగింది, కెమెరా దింపి చూసిన్రు. నన్ను చూడద్దన్నరు, నేను చూసిన. గోడకు ఒరిగి కూసున్నడు. లాంతరు ఒళ్ళె ఉన్నది, దాని మీద చెయ్యి ఉన్నది. పక్కన కారం డబ్బ ఉన్నది, నాకి నాకి కడిగినట్టున్నది. ఉప్పెక్కువయితె ఎట్ల తిన్నవురా.

మంట సల్లారి గోడ తీసేటందుకు ఏడాది పడతదట. అప్పటిదాంక వాడు ఆడనే ఉంటడు. తోవ దిగింది గద అని, వాడి లాంతరు మలగకుంట దానికి కరెంటు తీగ కూడ దింపిన్రు. ఎవరు చెప్పిన్రో నాకు తెల్వదు, కొమురయ్యనే అయ్యుంటది. అందుకే పొద్దుగాల సైరన్‌కు వాడి అర్జీ మల్ల వచ్చింది.

ఇగ పేరు మూయాలె. ఒకసారి మూసింది మల్ల తెరుచుకున్నది గనుక, మల్ల మూడు పిలుపులు పిలువాలె. అందరు వచ్చిన్రు. పోశవ్వ, కోడలు ఒక్కకాడ నిలవడ్డరు, పిల్ల పోశవ్వ చంకల ఉన్నది. నేను అర్జీ మొత్తం చదివిన, ఇల్లు ఓదెమ్మ ఇల్లు అని కూడ చదివిన. పిలిచిన. రాజేశం. రెండోసారి పిలిచిన. రాజేశం.

అందరు మూడోదాని కోసం చూస్తున్నరు. కొమురయ్య మెల్లగ అడిగిండు, మూడోది బిడ్డా అని.

వాడి అర్జీ పక్కకు పెట్టిన, తర్వాతి అర్జీ ఇప్పిన. పోశవ్వ, ఏడో గల్లీ, పడమటి బాయి. ఆమె ఉన్న అన్నది. ముద్రేసిన. వరుసల వాళ్ళను ఒక్కొక్కలను పిలిచిన, పలికిన్రు, పోయిన్రు.

ఆఖరుకు కొమురయ్య ఒక్కడే మిగిలిండు. మూడోది రేపు పిలుస్త అని చెప్పిన. నా రేపు ఎప్పుడొస్తదో మా వాడికి ఎరుకే.